నాలో మునిగిన సముద్రపు నేల

చేపల కోసం పుట్టి, పాకంతో బతికిన గాజు తొట్టిని నేను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. మీరు చూస్తే అక్వేరియం అంటారు. అనండి, నాకేం బాధ లేదు. విశాఖపట్నంలో ఒక అద్దాల కొట్టులో నన్ను అతికించిన ముసలాయన కూడా అలాగే అన్నాడు. అయిదు అద్దాలు, నాలుగు గొట్టాల జిగురు, ఒక రోజు నీడపట్టున ఆరబెట్టడం. నా పుట్టుకకు అంతకంటే సరంజామా అక్కర్లేకపోయింది.

నన్ను చేయించుకున్నది ఒక పళ్ల డాక్టరు గారు. రోగులు కూర్చునే గదిలో ఒక మూల పెట్టించారు. ఈదే చేపల్ని చూస్తూ జనం నొప్పి మరిచిపోతారని ఆయన నమ్మకం. నాకు తెలిసి ఎవరూ మరిచిపోలేదు. దవడ పట్టుకుని వచ్చినవాళ్లు దవడ పట్టుకునే నావైపు చూసేవారు. లోపలి గదిలో యంత్రం గుయ్యిమనగానే చేపలకంటే ముందు మనుషులే ఉలిక్కిపడేవారు. ఏడాది తిరక్కుండానే వాస్తు చూసే ఆయన ఒకరు వచ్చి, ఆగ్నేయంలో నీళ్లుండకూడదని తేల్చారు. పళ్ల విషయంలో ఎవరి మాటా వినని డాక్టరు గారు దిక్కుల విషయంలో మాత్రం బుద్ధిగా విన్నారు. చేపలు ఆయన బావమరిది ఇంటికి వెళ్లాయి. నేను ఊళ్లోని ఒక కాలేజీకి వెళ్లాను.

అక్కడ జంతుశాస్త్రం వాళ్లు నాలో కప్పపిల్లల్ని పెంచారు. తోకలు ఊడి, కాళ్లు వచ్చి, అవి ఒక్కొక్కటే గెంతేసి పోయాక నన్ను మెట్ల కింద పడేశారు. ఆపైన నాలోకి సుద్దముక్కల డబ్బాలు, తుడుపు గుడ్డలు, ఎవరిదో విరిగిన గొడుగు వచ్చి చేరాయి. ఖాళీ తొట్టి కనిపిస్తే అందులో ఏదో ఒకటి పడేయకుండా మనిషి ఉండలేడు. అదొక జబ్బు. ఆరేళ్లు ఆ జబ్బును భరించాను.

అక్కడే నన్ను హైమావతి కనిపెట్టింది. బొబ్బిలి నుంచి వచ్చి భూగర్భశాస్త్రంలో పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఇరవై ఏడేళ్లుంటాయి. చున్నీ నడుముకు చుట్టుకుని, మోకాళ్ల మీద కూర్చుని, నా మీది దుమ్ము ఒక పక్క తుడిచి, ఆ పక్క నుంచి ఈ పక్కకి చూసింది. పై నుంచి చూసేవాళ్లే గానీ పక్క నుంచి అలా చూసినవాళ్లు నాకు కొత్త. "సరిపోతావు," అంది. పనికిరాని సామాను మధ్య ఉన్నదానికి ఆ ఒక్క మాట ఎంత సంతోషమో మీకు తెలియదు.

నన్ను మూడో అంతస్తులోని ప్రయోగశాలకు మోసుకొచ్చినవాడు గరికిన ఎల్లాజీ. ఆ విభాగంలో అటెండరు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, నల్లగా, పొట్టిగా, బొటనవేళ్లు మాత్రం ఉండాల్సినదానికంటే వెడల్పుగా ఉంటాయి. సముద్రపు ఒడ్డున జాలరిపేటలో పుట్టాడు. ముప్ఫై ఏళ్లపాటు చెక్క పడవల సందులు పూడ్చాడు. పలకకీ పలకకీ మధ్య నూలు కూరి, పైన కరిగించిన గుగ్గిలం పట్టించి, బొటనవేలితో నొక్కుకుంటూ పోవడం అతని పని. ఫైబరు పడవలు వచ్చాక సందులే లేకుండా పోయాయి, సందుల్లేకపోతే ఎల్లాజీతో పనేముంది? ఎవరో చెప్పగా ఈ కాలేజీలో చేరాడు.

హైమ నాలో నీళ్లు పోయలేదు. మిఠాయిలు చేసేవాళ్లు వాడే గ్లూకోజు పాకం డబ్బాలు తెప్పించి, అడుగు ఎత్తున నింపింది. తేనెకన్నా చిక్కన, మెల్లగా సాగుతుంది. మొదటి రోజే చీమలు ఊరేగింపుగా వచ్చాయి. ఎల్లాజీ నా బల్ల కాళ్ల కింద నాలుగు గిన్నెలు పెట్టి నీళ్లు పోసి, ఆ ఊరేగింపు ఆపాడు. పాకం ఎంత చిక్కగా ఉందో కొలవడానికి హైమ దగ్గర ఒక పరికరం ఉంది. ఎల్లాజీ దగ్గర ఒక పుల్ల ఉంది. పుల్ల ముంచి ఎత్తి, జారే తీగను చూసి, ఈ రోజు ఎండకి పల్చబడిందనో నిన్నటికంటే గట్టిపడిందనో చెప్పేవాడు. పరికరం కూడా అదే చెప్పేది, కొంచెం ఆలస్యంగా.

ఈ పాకమంతా దేనికని అతను అడిగితే హైమ ఓపిగ్గా చెప్పింది. నేనూ అప్పుడే విన్నాను. సముద్రం అడుగున ఉన్న నేల ఒకచోట నిలవదట. పెద్ద పెద్ద పలకలుగా, మన గోళ్లు పెరిగినంత నెమ్మదిగా కదులుతూ ఉంటుందట. పుట్టినప్పుడు వేడిగా, పల్చగా ఉండి, కోట్ల ఏళ్లు గడిచేకొద్దీ చల్లబడి, మందమై, బరువెక్కుతుంది. చివరికి ఒక లోతైన అగాధం దగ్గర ఇంకో పలక కిందికి వంగి, భూమి లోపలికి దిగిపోతుంది. లోపలి రాయి గట్టిదే అయినా, కోట్ల ఏళ్ల లెక్కన చూస్తే పాకంలాగే సాగుతుంది. అందుకే నాలో పాకం.

అసలు సంగతి ఆ తర్వాత చెప్పింది. సముద్రపు నేల మీద వందల మైళ్ల పొడవున మచ్చలుంటాయట, ఎప్పటివో పగుళ్లు. మచ్చకు ఇటు పక్క నేల వయసు ఒకటి, అటు పక్క వయసు ఇంకొకటి. అంటే ఒక పక్క ముసలిది, బరువు. రెండో పక్క చిన్నది, తేలిక. గోడ మీది పటంలో అండమాన్, సుమత్రా వైపు చూపించి, అక్కడ మునిగే నేల మీద కూడా ఇలాంటి మచ్చలున్నాయంది. మరి పలక మునిగేటప్పుడు ఆ మచ్చ దగ్గర విడిపోయి బరువు పక్క ముందూ తేలిక పక్క వెనకా వెళ్తాయా? లేక మచ్చ ఉన్నా లేనట్టే, రెండూ చేతులు పట్టుకున్నట్టు కలిసి దిగుతాయా? దిగిపోయే చోటికి ఎవరూ వెళ్లలేరు, వెళ్లినా కోటి ఏళ్లు కూర్చుని చూడలేరు. నాలో అయితే మధ్యాహ్నం భోజనం వేళకి తేలిపోతుంది.

ఎల్లాజీ అంతా విని తల ఊపాడు. అతనికి అందులో ఎంత ఎక్కిందో నాకు తర్వాత గానీ తెలియలేదు.

హైమ పద్ధతి ఇది. సాగే సిలికాన్ ముద్దలో ఇనుపపొడి కలిపి రెండు పలకలు పరిచేది. ఒకటి మందంగా, బరువుగా, ఒకటి పల్చగా. రెండింటినీ నూనె రాసిన పళ్లెంలో పక్కపక్కన పెట్టి, మధ్య సన్నటి సందులో అదే రంగు మెత్తటి జిగురు నింపేది. ఆ సందే ఆమె మచ్చ. పైన ముగ్గు చుక్కల్లా తెల్లటి చుక్కలు వరసగా పెట్టేది, కదలిక తెలియడానికి. సాయంత్రం అయిదింటికి ఆ పళ్లెం నా మూత మీద ఉంచి హాస్టలుకి వెళ్లేది. పొద్దున్న పదింటికి వచ్చి, పలకను నెమ్మదిగా పాకం మీదికి జార్చి, ముందంచును ఒక కడ్డీతో కిందికి నొక్కి వదిలేది. అక్కణ్నుంచి పలక తన బరువుతో తానే దిగాలి. పక్కన కెమెరా నిమిషానికో ఫోటో తీసుకుంటుంది.

మొదటిసారి పెట్టినప్పుడు రెండు పక్కలూ దాదాపు కలిసే దిగాయి. హైమ నా ముందు స్టూలు మీద కూర్చుని, పెన్ను పళ్ల మధ్య పెట్టుకుని, చాలాసేపు కదల్లేదు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. మచ్చ ఉన్నా లేనట్టే మునుగుతోంది పలక.

ఎందుకో నాకు తెలుసు.

పొద్దున్న ఎనిమిదింటికి ఎల్లాజీ గది ఊడవడానికి వచ్చేవాడు. మొదటి రోజు పళ్లెం మీదికి వంగి చూశాడు. రెండు పలకలు, మధ్యలో సందు, సందులో ఏదో మెత్తటి కుళ్లిన సరుకు. ముప్ఫై ఏళ్ల చెయ్యి ఊరుకుంటుందా? చీపురు పక్కన పెట్టి, చిన్న పుల్లతో ఆ మెత్తటిదంతా గీకి తీశాడు. డబ్బాలో మిగిలిన సిలికాన్ ముద్ద కొంచెం తెచ్చి, సందులో కూరి, బొటనవేలితో ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నొక్కుకుంటూ పోయాడు. ఒక్క తెల్లచుక్క కూడా చెదరలేదు, అంత శ్రద్ధ. పదింటికి హైమ వచ్చేసరికి వేలి గుంటలు తమంతట తాము చదునైపోయేవి. ముద్ద అలాంటిది, దేన్నీ మనసులో పెట్టుకోదు.

నేను అద్దాన్ని. నా నుంచి దాగేది ఏదీ లేదు, నేను చెప్పగలిగేదీ ఏదీ లేదు. పదకొండుసార్లు అలా చూస్తూ ఉండిపోయాను. మనుషులు నన్ను చూసి, పాపం ప్రాణం లేనిదని అనుకుంటారు గానీ, ప్రాణం లేకపోవడం కంటే నోరు లేకపోవడమే కష్టం.

ఆ మనిషిలో కపటం లేదు, అది చెప్పాలి. హైమ ప్రతిసారీ పలక మునిగాక తల పట్టుకునేది, పుస్తకంలో రాసుకునేది, నిట్టూర్చేది. ఎల్లాజీకి అర్థమైంది ఒక్కటే: ఈ పిల్ల దేన్నో తేలేలా చేయాలని చూస్తోంది, అది ప్రతిసారీ మునిగిపోతోంది. తన పూడ్పు చాలలేదనుకున్నాడు. అయిదోసారి నుంచి సందు కింద అదే ముద్దతో సన్నటి పట్టీ ఒకటి వేసి నొక్కాడు. తొమ్మిదోసారి నుంచి కిందా పైనా కూడా వేశాడు. అతను ఎంత మంచి పని చేస్తే హైమకు అంత చెడ్డ రోజు గడిచేది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఎనిమిది నెలలు అలా కష్టపడ్డారు.

హైమ గైడు భానోజీరావు గారు. చెడ్డవాడు కాదు, అలసిపోయిన మనిషి. మచ్చలు పలక మీద పైపై గీతలని, అంత బరువు ముందు వాటిని పట్టించుకునేదేముందని ఆయన మొదటినుంచీ అంటూనే ఉన్నారు. ఒక రోజు నా దగ్గరికి వచ్చి, ఆమె తీసిన పదకొండు వరసల ఫోటోలు చూశారు. శ్రావణమాసంలో సమీక్ష ఉందని, బయటి నుంచి ఇద్దరు వస్తున్నారని, అప్పటికి తేడా చూపలేకపోతే ఈ విషయం వదిలేయాలని చెప్పారు. భీమిలి నుంచి పూడిమడక దాకా తీరపు ఇసక సర్వే ఒకటి ఉంది, దానికి మనుషులు కావాలి. మూడేళ్ల పని పక్కన పెట్టి ఇసక రేణువులు లెక్కపెట్టడమన్నమాట. హైమ సరే సర్ అంది. ఆయన వెళ్లాక నా అద్దానికి నుదురు ఆనించి నిలబడింది. ఆమె ఊపిరికి నా మీద ఆవిరి పట్టింది. ఆ క్షణంలో నాకు నోరుంటే ఎంత బావుండునో అనిపించింది.

సమీక్ష ఇంకా పది రోజులుందనగా ఆమె నిద్ర పట్టక పొద్దున్నే వచ్చేసింది. ఎనిమిదిన్నర అయింది. ఎల్లాజీ అప్పుడే పని ముగించి కిందికి నీళ్లకి వెళ్లాడు. పళ్లెంలో పన్నెండో పలక. దాని మధ్య పొడుగునా ఒక వరసలో పదిహేడు గుంటలు, ఇంకా చదును కాలేదు. హైమ మొదట తన కళ్లే సరిగ్గా లేవనుకుంది. తన బొటనవేలు ఒక గుంటలో పెట్టి చూసుకుంది. ఆ గుంటలో ఆమె వేళ్లు రెండు పడతాయి. ఆ విభాగంలో అంత వెడల్పు వేలు ఒక్కరిదే.

బకెట్టు, తుడుపు గుడ్డతో పైకి వచ్చిన ఎల్లాజీని ఆమె గుమ్మంలోనే ఆపింది. గొంతు పెంచలేదు, పెంచి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

"ఇది నువ్వే చేశావా బాబాయ్?"

"నానే తల్లీ," అన్నాడతను, మెప్పు వస్తుందేమోనన్నట్టు. "సందు ఇప్పీసి ఉన్నాది. అలగ ఒగ్గీత్తే ములిగిపోదా మరి?"

"ప్రతిసారీ చేస్తున్నావా?"

"పెతీసారీను."

హైమ స్టూలు మీద కూలబడింది. ఎనిమిది నెలలు, పదకొండు పలకలు, ప్రతిదీ అతుకేసినవే. తను మచ్చ లేని పలకనే మళ్లీ మళ్లీ ముంచి, మచ్చ వల్ల ఏమీ కాదని పుస్తకం నిండా రాసుకుంది. అది మునగడానికే చేసిన పలకని, ఆ సందు కావాలని పెట్టిందని, దాన్ని ముట్టుకోవద్దని ఎవరూ చెప్పలేదా అని అడిగింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినది తనేనని అడుగుతుండగానే ఆమెకు తెలిసింది. ముఖం ఎర్రబడింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. తన బతుకంతా బొటనవేలితో నొక్కేశావని అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది, కానీ అంది.

ఎల్లాజీ బకెట్టు దింపాడు. నేల వైపు చూస్తూ చెప్పాడు. అతని తమ్ముడి పడవకి కూడా అతనే సందులు పూడ్చాడట. వేట సీజను ముంచుకొస్తోందని తొందరపెడితే ఒక రోజు ముందే దింపేశారట.

"ఒక్క సందు సూడనేదు తల్లీ. ఒకే ఒక్కటి. నలుగురెల్లినారు, ముగ్గురొచ్చినారు. ఆ తరవాత సందు కానొత్తే సెయ్యి ఆగదు నాకు."

హైమ లేచి అతని చేతిలోంచి తుడుపు గుడ్డ తీసుకుని, ఏం చేయాలో తెలియక నన్ను తుడిచింది. అదేం పనో నాకూ అర్థం కాలేదు, కానీ ఆ తుడవడంలో కోపం లేదు.

తుడుస్తూ తుడుస్తూ ఆమె చెయ్యి ఆగింది.

అన్ని రోజులూ ఒకేలా పూడ్చావా అని అడిగింది. లేదని, మొదట్లో ఉత్తి వేలితో, తర్వాత అడుగున పట్టీ వేసి, చివర్లో కిందా పైనా వేసి చేశానని అతను చెప్పాడు. ఏ రోజు ఎలా చేశావో గుర్తుందా అంది. ఎల్లాజీ నొచ్చుకున్నాడు. పనివాడికి తన చేతిపని గుర్తుండదా?

కానీ ఆమె పుస్తకంలో తారీకులున్నాయి. ఎల్లాజీకి తారీకులు పట్టవు. జాలరివాడి లెక్క అంతా చంద్రుణ్ణి బట్టి, పోటు పాటులను బట్టి. ఆమె ఫిబ్రవరి పన్నెండు అంటే, అమాసకి ముందా వెనకా అని అడుగుతాడు. హైమ పరుగున ఆఫీసు గదిలోకి వెళ్లి గోడకున్న తిథుల క్యాలెండరు మేకుతో సహా పీక్కొచ్చింది. నేల మీద చతికిలబడి, ఒక్కో తారీకుకీ తిథి చూసి చదివేది. అతను కళ్లు మూసుకుని బొటనవేలు గాలిలో ఆడించి, ఆ రోజు ఎలా నొక్కాడో చెప్పేవాడు. అష్టమినాడు ముద్ద మెత్తగా ఉంటే రెండుసార్లు నొక్కాడు. పున్నమి మర్నాడు పాకం పల్చబడింది, ఆ రోజే మొదటి పట్టీ వేశాడు. ఆమె తన పుస్తకం అతనికి చూపించలేదు. అతను చెప్పింది వేరే కాగితం మీద వరసగా రాసుకుంది.

ఆపైన పుస్తకం తెరిచింది. అందులో చివరి గడికి "నా చేతి తేడా" అని పేరు పెట్టుకుంది. బరువు పక్క తేలిక పక్క కంటే ఏ కొంచెమైనా ముందుంటే, అది తన చెయ్యి వణకడం వల్లనే అనుకుని ఆ అంకె అక్కడ పడేసేది. మొదటి నాలుగింటిలో తేడా దాదాపు వేలి వెడల్పు. పట్టీ వేసిన నాలుగింటిలో అందులో సగం. రెండు పట్టీలు వేసిన మూడింటిలో గోరు మందం కూడా లేదు.

హైమ కాగితం పుస్తకం పక్కన పెట్టి, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసింది. ఒకసారి లేచి కిటికీ దాకా వెళ్లి మళ్లీ వచ్చి చూసింది. ఆమె వేసుకున్న ప్రశ్నే తప్పని నాకు అప్పుడు అర్థమైంది. మచ్చ ఉందా లేదా అన్నది కాదు అడగాల్సింది, ఎంత గట్టిగా అతుక్కుపోయిన మచ్చ అని అడగాలి. కోట్ల ఏళ్లలో మానిపోయిన పాత మచ్చ రెండు పక్కల్నీ కలిపి లాక్కుపోతుంది. మానకపోతే విడిపోవాలి. మానిన మచ్చలు పదకొండు ఎల్లాజీ చేసి పెట్టాడు. మానని మచ్చ ఒక్కటీ ఆమె ఇంతవరకు చూడనే లేదు.

పన్నెండో పలకా అతుక్కుపోయినదే, డబ్బాలో చూస్తే సిలికాన్ ముద్ద ఇంకొక్క పలకకు సరిపడా మాత్రం మిగిలింది. ఇంకా కావాలంటే బొంబాయి నుంచి రావాలి, నెల పడుతుంది. ముందే ఒకసారి ప్రయత్నించి చూసుకుంటే సమీక్ష రోజున చూపడానికి ఏమీ మిగలదు. దాచి అందరి ముందే మొదటిసారి ముంచితే, అది విడిపోకపోతే, అక్కడికక్కడే ఇసక. ఆ పది రోజులూ ఆమె అన్నం తిన్నట్టు నాకు కనపడలేదు. చివరికి దాచింది.

సమీక్షకి ముందు సాయంత్రం ఆ పలక సందును ఎల్లాజీనే చేయమంది. మిగతావన్నీ అతని చేతివే కాబట్టి ఇది కూడా అతని చేతిదే అయి ఉండాలంది. అతను మెత్తటి జిగురు సందులో నింపాడు. నింపి, నొక్కకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ వేలు గాలిలో కాసేపు అలాగే ఉంది. తర్వాత చేతులు రెండూ లుంగీకి తుడుచుకుని, పొద్దున్న ఊడవడానికి రానని ముందే చెప్పేసి వెళ్లిపోయాడు.

మర్నాడు పదకొండింటికి భానోజీరావు గారు, బయటి నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు నా ముందు కుర్చీలు వేసుకున్నారు. హైమ దాచకుండా చెప్పింది. ఇంతకుముందు చూపిన పదకొండింటిలోనూ సందు పూడిపోయి ఉందని, తను అటెండరుకి సరిగ్గా చెప్పకపోవడం వల్ల జరిగిందని, తప్పు తనదని చెప్పింది. గైడు గారి ముఖం మాడిపోయింది. పదకొండూ పారేయాల్సిందేనన్నారు. ఆమె తన పుస్తకం, ఎల్లాజీ చెప్పింది రాసుకున్న కాగితం పక్కపక్కన ఆయన ముందు పెట్టింది. వచ్చినవాళ్లలో ఒకాయన కళ్లజోడు పైకెత్తి, ఈ అష్టమి, పున్నమి ఏమిటమ్మా అని అడిగాడు. ఆమె అదీ చెప్పింది. ఆయన నవ్వాడు గానీ కాగితం చేతిలోంచి వదల్లేదు.

పలకను నా మీదికి జార్చారు. కడ్డీతో ముందంచు నొక్కి వదిలారు.

మొదటి అరగంట ఏమీ లేదు. రెండు పక్కలూ కలిసి వంగాయి, ఇన్ని నెలలుగా ఎలా వంగాయో అలాగే. భానోజీరావు గారు గడియారం చూసుకున్నారు. హైమ చేతులు చల్లబడ్డాయి. నా అంచు పట్టుకుని నిలబడింది కాబట్టి నాకు తెలిసింది. ఎల్లాజీ తలుపు దగ్గర, పిలిస్తే పలికేంత దూరంలో నిలబడ్డాడు.

నలభై నిమిషాలప్పుడు, పలక వంగిన చోట, సందు మీద సన్నటి గీత కనిపించింది. ఆ గీత కొంచెం వెడల్పయింది. తెల్లచుక్కల వరస అక్కడ తెగింది. బరువు పక్క ఒక్కసారిగా కిందికి జారడం మొదలెట్టింది.

"చిరిగిపోతోందమ్మా," అంటూ భానోజీరావు గారు లేచారు. "అతుకు సరిగ్గా పడలేదు. ఆపేసి సరిచెయ్యి." అలవాటు కొద్దీ తలుపు వైపు తిరిగి ఎల్లాజీని రమ్మని చెయ్యూపారు. కడ్డీ అందుకోబోయారు.

ఎల్లాజీ వచ్చాడు. మనుషుల మధ్యలోంచి దారి చేసుకుని నా దగ్గరికి వచ్చి, విడిపోతున్న ఆ సందు వైపు వంగాడు. బొటనవేలు ముందుకి చాచాడు. హైమ అతన్ని ఆపలేదు. అతను ఆ చెయ్యి పాకంలో పెట్టలేదు. తెచ్చి నా అద్దానికి ఆనించాడు.

"ఒగ్గీండి బాబూ," అన్నాడు. "ములగనీండి. ఎలగ ములుగుతాదో సూద్దాం."

ఆ గదిలో అటెండరు ప్రొఫెసరు గారికి అలా చెప్పడం అదే మొదలు. భానోజీరావు గారి చెయ్యి కడ్డీ దాకా వెళ్లి ఆగిపోయింది.

బరువు పక్క నిటారుగా దిగసాగింది. తేలిక పక్క వెనకబడి, వంపు తిరిగి, ఎక్కడున్నది అక్కడే వేలాడింది. రెండింటి మధ్య తెరుచుకున్న సందులోకి పాకం చుట్టూ తిరిగి లోపలికి వచ్చింది. అందులో హైమ కలిపి ఉంచిన మెరుపు పొడి, ఎటు పారుతోందో చూపిస్తూ, ఆ చీలిక గుండా మెల్లగా ఇవతలికి సాగింది. ఇన్ని నెలల్లో నా కడుపులో అలా ఎప్పుడూ పారలేదు. నాకే వింతగా ఉంది. బయటి నుంచి వచ్చినాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. భానోజీరావు గారు కుర్చీ వెనక్కి తోసేసి, ప్యాంటుకి దుమ్ము అంటుతుందని కూడా చూడకుండా మోకాళ్ల మీద కూర్చుని, పక్క నుంచి నాలోకి చూశారు. హైమ నన్ను మొదటిసారి ఎలా చూసిందో ఆయనా అలాగే చూశారు, కాకపోతే ఇన్ని నెలలు ఆలస్యంగా.

"సందు ఇంకాస్త మెత్తగా చేస్తే?" అని ఆయన హైమని అడిగారు. జవాబు రాకముందే ఇంకాస్త గట్టిగా చేస్తే ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలన్నారు. బొంబాయికి ఈ రోజే ఉత్తరం రాయమన్నారు. ఇసక సంగతి ఎవరూ ఎత్తలేదు. హైమ సరే సర్ అంటూనే పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది.

ఎల్లాజీకి అవేవీ వినపడినట్టు లేదు. అతను సందునే చూస్తున్నాడు. అది విప్పుకుంటూ పోవడం, ఒక పక్క రెండో పక్కను వదిలేసి తన దారిన తాను దిగిపోవడం, కదలకుండా చూశాడు. కళ్లు తుడుచుకోలేదు. ఆ బరువు పక్క నా అడుగును తాకడానికి ఇంకో గంట పట్టింది. అంతసేపూ అతని చెయ్యి నా అద్దం మీదే ఉంది.